పళ్ల మధ్య బ్యాటరీ లైటు

స్టార్టరు డబ్బా తెరిచి పని చేయాలంటే రెండు చేతులూ కావాలి. ఒక చేతిలో టెస్టరు, ఇంకో చేతిలో కటింగ్ ప్లేయరు. మరి టార్చి ఎవరు పట్టాలి? రైతు చేతికిస్తే కాసేపు బుద్ధిగా డబ్బాలోకే కొడతాడు. ఆ తర్వాత వడ్ల ధర మాటల్లో పడి నా మొహం మీదికి, చింతచెట్టు మీదికి, చుక్కల మీదికి కొడతాడు. అందుకే ముప్పై ఏళ్లుగా నా టార్చి నా పళ్ల మధ్యే ఉంటోంది.

కోరుట్లలో కల్లూరు రోడ్డు మీద నాది మోటారు వైండింగ్ దుకాణం. బేరం సగం పొద్దు గూకాకే వస్తుంది. మోటార్లు చీకట్లోనే కాలతాయని కాదు. రైతు పొద్దంతా తనే కుస్తీ పడి, ఫ్యూజు మార్చి, కెపాసిటరు మార్చి, ఇక తన వల్ల కాదని తేలాక నాకు ఫోన్ చేస్తాడు. నేను బండి తీసేసరికి ఎనిమిది. బావి కాడికి చేరేసరికి తొమ్మిది. అందుకని టార్చి గురించి నాలుగు ముక్కలు చెప్పే హక్కు నాకు ఉందనుకుంటున్నాను. నా టార్చిల మీద పళ్ల గాట్లున్నాయి, ఎవరైనా చూడొచ్చు.

మా దిక్కు దాన్ని టార్చి అని ఎక్కువగా అనరు, బ్యాటరీ అంటారు. "బ్యాటరీ కొట్టు" అంటే లైటు వెయ్యమని. లోపల వేసేవి సెల్లులు. మా నాన్న బ్యాటరీ మూడు సెల్లుల ఇత్తడి ఎవరెడీ. దాన్ని నోట్లో పెట్టుకునే మాటే లేదు, చంకలో ఇరికించుకోవాల్సిందే. అందులోకి కిరాణా కొట్టు నుంచి తెచ్చే సెల్లులు ఎక్కువగా నెల్లూరు వాళ్ల నిప్పో. అవి నీరసపడితే అమ్మ వాటిని ఎండలో గోడ మీద వరసగా పెట్టేది. ఎండకు కాస్త ప్రాణం వచ్చి ఇంకో రెండు రాత్రులు వెలిగేవి. ఆ బుగ్గ వెలుగు ఇప్పటి లెక్కలో ఏపాటిది? అయినా దానిలో ఒక మర్యాద ఉండేది. అయిపోయేముందు పసుపుబారేది, ఆ తర్వాత ఎర్రబారేది. ఇంటికి పొమ్మని చెప్పి మరీ ఆరేది.

2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది, రోజుకు ఏడు గంటలు. అయితే ఆ ఏడు గంటలూ ఒక్క తీరుగా పగలే వచ్చేవి కావు. కొంత పగలు, కొంత రాత్రి. రాత్రి విడత ఒంటిగంటకు వస్తే ఒంటిగంటకే లేచి గట్లమీద నడవాలి. ఆ రోజుల్లో బావి కాడ పాము కరిచో, తడి చేత్తో స్టార్టరు ముట్టో పోయినవాళ్ల ముచ్చట మా దిక్కు ఏ ఊళ్లో అడిగినా చెబుతారు. 2018 జనవరి 1 నుంచి ఇరవై నాలుగు గంటల కరెంటు మొదలయ్యాక ఆ నడక తగ్గింది. తగ్గింది గానీ పోలేదు. మోటారు ట్రిప్ అయితే పోవాలి. మక్క చేనుకు అడవి పందులు వస్తే పోవాలి. కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసుకుని వారాల తరబడి కాంటా కోసం ఎదురుచూసే రోజుల్లో, ఉరుము వినిపిస్తే పరదాలు కప్పడానికి లేవాలి. కాబట్టి మా జగిత్యాల జిల్లాలో టార్చి ఇప్పటికీ చెప్పుల లాంటిదే. గుమ్మం పక్కన ఉండాలి.

పోయిన ఏడాది నా దగ్గరికి ఒకేసారి రెండు కొత్త టార్చిలు వచ్చాయి. ఒకటి జగిత్యాల బజార్లో నేను కొన్నది, రెండు వందల యాభై. ఇంకోటి దుబాయ్ నుంచి మా మేనల్లుడు తెచ్చింది. ఈ రెంటినీ నా పాత రెండు పెన్సిల్ సెల్లుల టార్చి పక్కన పెట్టి ఒక వానకాలం వాడాను. అలా చూసిందే ఈ రాస్తున్నది.

ముందు జగిత్యాల ముచ్చట. దుకాణంలో కుర్రాడు టార్చి తీసి, తల ముందుకు లాగి, వీధి చివర నీళ్ల ట్యాంకు మీదికి కొట్టాడు. "సూడు అన్నా, ట్యాంకు మీద ఎట్ల పడ్తున్నదో." నిజమే, మాపటిపూట మసక వెలుగులో కూడా ఒక తెల్ల మచ్చ కనిపించింది. టార్చి అమ్మేవాళ్లంతా ఇట్లాగే అమ్ముతారు, దూరం చూపించి. కొనేవాళ్లం కూడా దూరం చూసే కొంటాం. కానీ ఇంటికొచ్చి ఆలోచిస్తే, నాకు నీళ్ల ట్యాంకుతో పనేముంది? నా పనంతా జానెడు దూరంలో. మీ పని కూడా అంతే. తాళం రంధ్రం, మెయిన్ బోర్డు, మంచం కింద చెప్పులు, బండి ఇంజను, మెట్లు. ఏ లెక్కన చూసినా ఆరేడు అడుగుల లోపే.

ఆ టార్చి డబ్బా మీద ల్యూమెన్ల అంకె ఎంత పెద్దదంటే, ఇంటి నంబరుకు కూడా అన్ని సున్నాలు పట్టవు. ల్యూమెన్ అంటే ఏమిటో బోరు కాడ చెబితే సులువుగా అర్థమవుతుంది. మోటారు పోసే మొత్తం నీళ్లు ల్యూమెన్లు. పైపు మూతిని బొటనవేలితో సగం మూస్తే ధార దూరం పోతుంది, నీళ్లు మాత్రం పెరగవు. ఆ ధార జోరుకు వేరే కొలత ఉంది, కాండెలా అంటారు. లోపలి అద్దపు గిన్నె లోతుగా, నున్నగా ఉంటే వెలుగు బిగిసి దూరం పోతుంది. గిన్నె గరుకుగా ఉంటే, లేదా చిన్న ప్లాస్టిక్ బుడిపె ఉంటే వెడల్పుగా పరుచుకుంటుంది. నేను కొన్న దానిలాంటి జూమ్ టార్చిలో గిన్నె ఉండదు, ముందు ఒక భూతద్దం ఉంటుంది. తల పూర్తిగా లాగి గోడ మీద కొట్టండి. నలుచదరపు మచ్చ పడుతుంది. అది వెలుగు ఆకారం కాదు, లోపలున్న ఎల్‌ఈడీ చిప్పు బొమ్మే. అది అంత దూరం పడటానికి మిగతా వెలుగులో చాలా భాగం టార్చి గొంతులోనే ఆగిపోతుంది.

డబ్బా మీది అంకె నిజమో కాదో తేల్చడానికి ఏ యంత్రమూ అక్కర్లేదు, గుణకారం వస్తే చాలు. ఈ చిన్న టార్చిల్లో వేసే లిథియం సెల్లును 18650 అంటారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 పొడవు, చివరి సున్నా గుండ్రటిదని గుర్తు. దాని మీద 2600 ఎంఏహెచ్ అని ఉంటే, 3.7 వోల్టులతో గుణిస్తే తొమ్మిదిన్నర వాట్ అవర్ల పైచిలుకు. మంచి టార్చి ఒక వాటుకు సుమారు వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. వెయ్యి ల్యూమెన్లు కావాలంటే పది వాట్లు తాగుతుంది. అంటే గంట కూడా రాదు. ఇక వెయ్యి ల్యూమెన్లు పది గంటలు వస్తాయని రాశారంటే ఎక్కడో ఒకచోట అబద్ధం ఉంది. అదే టార్చిని యాభై ల్యూమెన్ల మీద పెడితే అర వాటు చాలు, రాత్రంతా వెలుగుతుంది. స్టార్టరు డబ్బాలో పనికి యాభై ల్యూమెన్లు ఎక్కువే. జానెడు దూరంలో వెయ్యి ల్యూమెన్లు కొడితే తెల్ల ప్లాస్టిక్ మీద పడి నా కళ్లలోకే తిరిగొస్తుంది, ఆ తర్వాత అయిదు నిమిషాలు గట్టు కనపడదు. కంటికి ఇంకో చమత్కారం ఉంది. ల్యూమెన్లు రెట్టింపు అయితే వెలుగు రెట్టింపు అయినట్టు అనిపించదు, ఏదో కాస్త పెరిగినట్టుంటుంది. రెట్టింపు పైసలు మాత్రం రెట్టింపుగానే అనిపిస్తాయి.

అందుకే నేను టార్చిని దాని చిన్న వెలుగుతో చూస్తాను. పెద్ద వెలుగు ఏ టార్చికైనా ఉంటుంది.

మేనల్లుడి టార్చి డబ్బా మీద అంకెలు మర్యాదగా ఉన్నాయి. వాటి పక్కన చిన్న చిన్న బొమ్మలున్నాయి. ఇవి అమెరికా వాళ్లు 2009లో పెట్టిన ఎఫ్ఎల్ 1 అనే కొలతల పద్ధతి గుర్తులు. ఈ బొమ్మలు ఉంటే మంచిదే, కానీ వాటి వెనకాల మెలిక తెలిసి ఉండాలి. ల్యూమెన్లు కొలిచేది టార్చి వేసిన అర నిమిషం నుంచి రెండు నిమిషాల లోపు, అంటే ఇంకా వేడెక్కకముందు. వేడెక్కాక వెలుగు దానంతట అదే తగ్గుతుంది, తగ్గకపోతే చెయ్యి కాలుతుంది. ఎన్ని గంటలు వస్తుందన్నది వెలుగు మొదటిదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా లెక్క. రూపాయి పది పైసలయ్యేదాకా రూపాయి ఉన్నట్టే అన్నమాట. ఇక దూరం లెక్క నాకు భలే నచ్చింది. వంద మీటర్లు అంటే, వంద మీటర్ల దూరాన ఆ వెలుగు నిండు పున్నమి వెన్నెలంత పడుతుందని అర్థం. వెన్నెల్లో వంద మీటర్ల అవతల ఉన్నది పందా, పొదా అని మీరు చెప్పగలరా? నేను చెప్పలేను. అందుకే ఆ అంకెను సగం చేసుకుంటాను. సగం దూరంలో వెలుగు నాలుగింతలు ఉంటుంది, అప్పుడు నమ్మొచ్చు.

సెల్లు సంగతి కొంచెం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మోసం ఎక్కువగా అక్కడే. మేనల్లుడి టార్చికి రెండో సెల్లు కావాలని వెతికితే నాకు 9800 ఎంఏహెచ్ అని రాసి ఉన్నది ఒకటి దొరికింది, అదీ వందకే. ఆ సైజులో నిజమైన సెల్లులు చాలావరకు 3500 లోపే ఉంటాయని నాకు అప్పటికే తెలుసు. అయినా కొన్నాను, చూద్దామని. మా దుకాణం పక్కనే ఒక కంసాలి అన్న ఉన్నాడు. ఆయన తక్కెడ మీద రెండు సెల్లులూ పెట్టమన్నాను. "బంగారం కన్న జాస్తి సోకు చేస్తున్నవ్ కదనే" అని నవ్వి, ముందు టార్చిలోంచి తీసింది పెట్టాడు. నలభై ఆరు గ్రాములు. తర్వాత 9800ది పెట్టాడు. ముప్పై కూడా లేదు. ఇద్దరం మాట్లాడలేదు. ఆయన దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. "ఇందులో ఏదో ఇసుక లెక్క కదుల్తున్నదే" అన్నాడు. ఇట్లాంటివాటి లోపల చిన్న సెల్లు ఒకటి పెట్టి, మిగతా ఖాళీలో పొడి నింపుతారని నేను విని ఉన్నాను. కోసి చూడలేదు. మీరూ కోయొద్దు, లిథియం సెల్లు కోస్తే మంట లేస్తుంది. కానీ ఎవరైనా తూకం వేసుకోవచ్చు. అసలైనదైతే నలభై అయిదు గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. మన దేశంలో అమ్మే లిథియం సెల్లు మీద బీఐఎస్ గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉండాలి. నా 9800 మీద అదీ లేదు, చేసినవాడి పేరూ లేదు.

మేనల్లుడికి ఎయిర్‌పోర్టులో ఇంకో పాఠం అయింది. విడి లిథియం సెల్లులు పెద్ద సూట్‌కేసులో వేయకూడదు, చేతి బ్యాగులోనే తేవాలి. టైగర్ బామ్ సీసాలు, దుప్పటి, సెంటు బుడ్ల మధ్య దాచిన సెల్లు కోసం వరుసలో నిలబడి పెట్టె మొత్తం విప్పాల్సి వచ్చింది.

గల్ఫ్ టార్చి అనగానే మా వాడల్లో ఇంకో రకం గుర్తొస్తుంది. లావుపాటి, పిడి ఉన్న రీచార్జి టార్చిలు. కోరుట్లలో, మెట్‌పల్లిలో, సిరిసిల్లలో ఎవరి ఇంట్లో సొరుగు లాగినా మూడు లావు పిన్నుల ప్లగ్గు ఒకటి దొరుకుతుంది. దుబాయ్ పిన్ను అంటాం. అక్కడి గోడకు సరిపోతుంది, ఇక్కడి గోడకు సరిపోదు. ఆ పెద్ద టార్చిల్లో చాలావాటి లోపల నాలుగు వోల్టుల సీసం-ఆమ్లం బ్యాటరీ ఉంటుంది. దానికి ఒక జబ్బుంది. పూర్తిగా దింపేసి అటకెక్కిస్తే మూడు నెలల్లో పలకల మీద గట్టి పొర కట్టి చచ్చిపోతుంది. వాడినా వాడకపోయినా నెలకోసారి చార్జి పెట్టాలి. కొడుకు తెచ్చిన టార్చిని అపురూపంగా బీరువాలో దాచుకున్న తల్లులు ఎందరో నా దగ్గరికి తెచ్చి, "ఒక్కనాడు గుడ వాడలే బిడ్డా, ఎట్ల ఖరాబైంది?" అని అడిగారు. వాడకపోవడం వల్లే ఖరాబైందని చెబితే నమ్మరు. నేను కూడా ఆ మాట గట్టిగా చెప్పను, కొత్త బ్యాటరీ వేసి ఇస్తాను. ఇక టార్చి తోకలోనే రెండు పిన్నులుండి నేరుగా గోడకు గుచ్చే చౌక రకం ఉంది చూశారా, దానిలో చాలావాటికి లోపల ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. పగిలిన ఒళ్లుతో దాన్ని చార్జింగులో ఉండగా ముట్టుకుంటే రెండొందల ముప్పై వోల్టులు ముట్టుకున్నట్టే. ఇది మాత్రం నేను అందరికీ గట్టిగానే చెబుతాను.

కొత్తవాటిలో టైప్-సి రంధ్రం వస్తోంది. మంచిదే, ఫోన్ తీగతోనే పనైపోతుంది. అయితే జగిత్యాలలో కొన్న నా టార్చి రెండు కొసలా టైప్-సి ఉన్న తీగకు అసలు స్పందించదు. టార్చి చచ్చిందనుకున్నాను. విప్పి చూస్తే రంధ్రం వెనకాల ఉండాల్సిన రెండు చిన్న రెసిస్టర్లు లేవు. అవి ఉంటేనే కొత్త చార్జరు కరెంటు వదులుతుంది. కొన్ని పైసల మిగులు కోసం వదిలేశారు. ఒక కొస పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న తీగ పెడితే హాయిగా చార్జి అయింది. మీ టార్చి చార్జి కాకపోతే పారేసేముందు తీగ మార్చి చూడండి.

రంగు విషయంలో తప్పు నాదే, దాచను. ఆ కొత్త టార్చి పళ్ల మధ్య పెట్టుకుని ఒక బావి మీద మూడు ఫేజుల తీగలు కలిపాను. బురద పట్టి ఉన్నాయి, తుడిచాను. ఎర్రది, పసుపుది, నీలిది. కలిపి మీట నొక్కితే మోటారు తిరిగింది, నీళ్లు మాత్రం పిల్లి ఉచ్చలా వస్తున్నాయి. ఏ రెండు ఫేజులు తారుమారైనా మోటారు వెనక్కి తిరుగుతుంది. ఎర్ర తీగ ఆ నీలిపాటి వెలుగులో నల్లగా కనపడితే, నేను దాన్ని మురికి పట్టిన నీలి తీగ అనుకున్నాను. రైతు ఏమీ అనలేదు. "మేస్త్రీ, కండ్లద్దాలు మార్చు" అన్నాడు అంతే.

కారణం కళ్లద్దాలు కాదు, ఎల్‌ఈడీ. టార్చి ఆర్పి లోపలికి చూడండి, చిప్పు మీద పసుపు బొట్టు పెట్టినట్టు ఉంటుంది. ఎల్‌ఈడీ పుట్టుకతో తెల్లటిది కాదు. 1993లో జపాన్‌లోని నిచియా కంపెనీలో షుజి నకమురా బాగా వెలిగే నీలి ఎల్‌ఈడీని చేసి చూపించాడు. ఆ నీలి వెలుగుకు దారి వేసినందుకు ఆయనకు, ఇసాము అకసాకికి, హిరోషి అమానోకు కలిపి 2014లో భౌతిక శాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ నీలి చిప్పు మీద పసుపు పొర పూస్తే కొంత నీలం, కొంత పసుపు కలిసి కంటికి తెలుపుగా అనిపిస్తుంది. చౌక పొరలో ఎరుపు పాలు తక్కువ. రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయో చెప్పే కొలతను సీఆర్‌ఐ అంటారు. నూటికి తొంభై దాటితే మంచిది. మామూలు టార్చిల్లో డెబ్భై దగ్గర ఉంటుంది, చాలామంది రాయను కూడా రాయరు. రాయకపోతే నా పరీక్ష సులువు. మీ అరచేతి మీద కొట్టుకోండి. చెయ్యి చెయ్యిలా కనపడాలి, శవం చెయ్యిలా కాదు. ఎండుమిర్చి గుప్పెడు మీద కొట్టినా తెలిసిపోతుంది. ఇది సోకు కోసం కాదు. నల్లటి డ్రిప్పు పైపు పక్కన నల్లటి కట్లపాము పడుకుని ఉంటే, దాని ఒంటి మీది సన్నటి తెల్ల గీతలు కనపడే వెలుగు కావాలి. మా దగ్గర రాత్రిపూట దాని పేరెత్తరు, పురుగు అంటారు. పేరెత్తకపోయినా అది అక్కడ ఉంటుంది.

టార్చి ఎత్తు కూడా ముఖ్యమే. కళ్ల పక్కనుంచి వెలుగు కొడితే నేలంతా చదునుగా అగుపిస్తుంది, నీడలన్నీ వస్తువుల వెనక్కి పోతాయి. అదే మోకాలి ఎత్తున పట్టుకుని ఏటవాలుగా కొడితే ప్రతి రాయికీ, ప్రతి పుల్లకూ పొడవాటి నీడ పడుతుంది. మక్క చేన్ల చుట్టూ పందుల కోసం కొందరు సన్నటి బైండింగ్ తీగ కట్టి దొంగచాటుగా కరెంటు ఇస్తారు. నేరమని తెలుసు, అయినా కడతారు. పందితో పాటు మనుషులూ పోయారు. ఆ తీగ నిలబడి కొట్టే వెలుగులో కనపడదు. కిందినుంచి అడ్డంగా కొట్టే వెలుగులో మాత్రం వెండి పోగులా మెరుస్తుంది.

పోగు అంటే సిరిసిల్ల గుర్తొచ్చింది. మా చిన్నమ్మ కొడుకు అక్కడి బీవై నగర్‌లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడుపుతాడు. సిరిసిల్ల కరెంటు ముచ్చటే వేరు. మాకు వరంగల్ కేంద్రంగా ఉన్న డిస్కం కరెంటు ఇస్తే, వాళ్లకు సెస్ ఇస్తుంది. 1970లో మొదలైన సహకార విద్యుత్ సంఘం అది. వినియోగదారులే సభ్యులు, ఓట్లేసి డైరెక్టర్లను ఎన్నుకుంటారు. అయితే కరెంటు ఎవరిదైనా, పోయినప్పుడు సాంచాల షెడ్డులో చీకటి ఒకటే. అప్పటిదాకా చెవులు పగిలే చప్పుడు, ఒక్కసారిగా నిశ్శబ్దం. అంత నిశ్శబ్దంలో ఎవరో దగ్గుతారు, ఇంకెవరో టార్చి వేస్తారు.

నా రెండు టార్చిలూ తమ్ముడికి ఇచ్చి చూడమన్నాను. అతను మొదట చేసిన పని నన్ను ఆశ్చర్యపరిచింది. టార్చిని గుడ్డ మీద నిలబెట్టి కొట్టలేదు, గుడ్డ పక్కన పడుకోబెట్టాడు. వెలుగు బట్టను నాకుతూ పోయింది. తెగిన పోగు దగ్గర, ముడి ఉబ్బిన దగ్గర చీమంత నీడ లేచింది. "అన్నా, పైనుంచి కొడితే నల్లగుడ్డల నల్లపోగు ఏం కనవడ్తది? పక్కకేలి కొట్టాలె" అన్నాడు. బైండింగ్ తీగ సంగతి నేను గట్ల మీద ఇరవై ఏళ్లకు నేర్చుకుంటే, అతనికది చిన్నప్పుడే తెలుసు. వాళ్ల నాన్న కందిలితో కూడా అట్లాగే చూసేవాడట. కొత్త బీము ఎక్కించేటప్పుడు వైపని వాళ్లు వేల పోగుల్ని ఒకదానికొకటి జత చేస్తారు. వాళ్లు కూడా కళ్ల మీద పడని, పక్కనుంచి వచ్చే మెత్తటి వెలుగే అడుగుతారు.

కరెంటు వచ్చింది. సాంచాలు లేచాయి. నేను జగిత్యాల టార్చిని చిన్న వెలుగు మీద పెట్టి మోటారు వైపు కొట్టి, ఒక్క క్షణం ఆగిపోయాను. గిరగిరా తిరుగుతున్న పుల్లీ ఆకులు విడివిడిగా, దాదాపు ఉన్నచోటే వణుకుతున్నట్టు కనిపిస్తున్నాయి. మేనల్లుడి టార్చితో కొడితే మామూలుగా, గుండ్రటి మసకలా ఉంది. చౌక టార్చి వెలుగును తగ్గించదు. క్షణానికి ఎన్నోసార్లు ఆర్పి వెలిగిస్తుంది, కంటికి అది తగ్గినట్టు అనిపిస్తుంది. చదువుకోవడానికైతే తలనొప్పి మాత్రమే. తిరిగే యంత్రం ముందు అది అబద్ధం చెప్పే వెలుగు. ఆగిందనుకుని ఎవరైనా వేలు పెడితే? ఈ పరీక్ష కొట్టులోనే చేసుకోవచ్చు. చిన్న వెలుగు మీద పెట్టి ఫోన్ కెమెరాలో చూడండి, నల్లటి పట్టీలు పారుతూ కనిపిస్తే అది ఆ రకమే. లేదంటే తిరుగుతున్న ఫ్యాను మీద కొట్టండి.

తమ్ముడు ఇంకో మాట చెప్పాడు. ఇప్పుడు సిరిసిల్లలో నేసేది ఎక్కువగా పాలిస్టరు. పెద్ద వెలుగు మీద ఉన్న టార్చిని గుడ్డ మీద బోర్లా పెట్టి మరిచిపోతే వేడికి ఆ గుడ్డ తాను పాడవుతుంది. జేబులో దానంతట అది వెలిగినా అంతే, తొడ చురుక్కుమంటుంది. దీనికి ఒక చిట్కా ఉంది. మంచి అల్యూమినియం టార్చిల మరలకు కూడా కరెంటు పారని పూత ఉంటుంది. తోక మూతను పావు చుట్టు వదులు చేస్తే మీట నొక్కినా వెలగదు. నేను బండి డిక్కీలో వేసేముందు ఇదే చేస్తాను.

మీట గురించి నా కోపం కాస్త వెళ్లగక్కనివ్వండి. జగిత్యాల టార్చికి ఒకటే మీట, అయిదు రకాల వెలుగులు. పెద్దది, మధ్యది, చిన్నది, ఆపైన టపటపా కొట్టుకునేది, ఆపైన ఏదో ఓడ మునిగితే పంపే సంకేతం. ఆర్పాలంటే ఇవన్నీ దాటుకుంటూ పోవాలి. రాత్రి పదింటికి, బావి గట్టున, పళ్ల మధ్య బారాత్ డీజే లైటు కొట్టుకుంటుంటే ఫ్యూజు పీకే మనిషిని ఊహించుకోండి. కల్లూరు దిక్కు నుంచి ఏ ఓడ వస్తుందని? మేనల్లుడి టార్చికి చీకట్లో వేలికి తగిలే మీట ఉంది. కిందటిసారి ఏ వెలుగులో ఆర్పామో ఆ వెలుగులోనే వెలుగుతుంది, నొక్కి పడితే ఆరుతుంది. అడుగున అయస్కాంతం ఉంది. ఇనుప స్టార్టరు డబ్బా మూతకు అంటించి వదిలేయొచ్చు. ముప్పై ఏళ్లకు నా దవడకు సెలవు దొరికింది. అయితే అయస్కాంతం ఉన్నచోట ఇనుప రజను కూడా చేరుతుంది, వారానికోసారి తుడవాలి. డబ్బా ప్లాస్టిక్‌ది అయితే మళ్లీ పళ్లే గతి.

నీళ్ల పరీక్ష మాత్రం నేను కావాలని చేసింది కాదు. ఎండాకాలం చివర మెట్‌పల్లి దిక్కు ఒక బావిలోకి వంగి ఫుట్‌వాల్వు చూస్తుంటే మేనల్లుడి టార్చి జారింది. నడుములోతు నీళ్లు. దాని డబ్బా మీద ఐపీఎక్స్ 7 అని ఉంది, అంటే మీటరు లోతులో అరగంట తట్టుకోవాలి. ఐపీఎక్స్ 4 అని ఉంటే వాన తుంపర్లకే. అంత రాత్రి బావిలోకి ఎవరు దిగుతారు? అది అడుగున పడి వెలుగుతూనే ఉంది. బావి మొత్తం లోపలినుంచి ఆకుపచ్చగా, పాచి పట్టిన రాళ్లూ, వాటి సందుల్లో కప్పలూ, ఎప్పుడో పడిన ఒక చెప్పూ అన్నీ కనిపించాయి. రైతు, ఆయన కొడుకు, నేను గట్టు మీద కూర్చుని చాలాసేపు చూశాం. తెల్లారాక ఆ అబ్బాయి దిగి తెచ్చాడు. అప్పటికి చిన్న వెలుగుకు వచ్చేసింది గానీ ఆరలేదు. మూత దగ్గర రబ్బరు రింగు మీద సిలికాన్ గ్రీజు రాసి ఉంచడమే దాన్ని కాపాడిందని నా నమ్మకం.

దాంట్లో నాకు నచ్చనిది ఒకటే. నాన్న ఎవరెడీలా అది చెప్పి ఆరదు. లోపలి సర్క్యూటు చివరిదాకా ఒకే వెలుగు ఇస్తుంది, సెల్లు అడుగంటగానే మెట్లు దిగినట్టు దిగి టప్పున ఆగిపోతుంది. మీట పక్కన చిన్న ఎర్ర చుక్క వెలుగుతుంది నిజమే. కానీ పళ్ల మధ్య పెట్టుకున్నవాడికి అది కనపడేదెట్లా? అందుకే పాత పెన్సిల్ సెల్లుల టార్చిని పారేయలేదు. దాని సెల్లులు ఏ ఊరి కిరాణాలోనైనా దొరుకుతాయి.

మా దుకాణంలో పని నేర్చుకుంటున్న పిల్లగాడికి ఇదంతా నవ్వులాట. నేను నోట్లో పెట్టుకున్న టార్చిని చూసి "ఛీ, మొన్న బావిల పడ్డదే కదా అది" అంటాడు. తలకు కట్టుకునే లైటు కొనుక్కున్నాడు. రెండు చేతులూ ఖాళీ, తల ఎటు తిప్పితే అటు వెలుగు. పనికి నిజంగా అదే మేలు, ఒప్పుకుంటాను. గట్ల మీద నడిచేటప్పుడు మాత్రం దాన్ని విప్పి మోకాలి దగ్గర పట్టుకోమన్నాను, పట్టుకుంటున్నాడు. ఒక్కటే ఇంకా అలవాటు కాలేదు. ఏదైనా అడగాలంటే నా వైపు తిరిగి అడుగుతాడు. "స్క్రూ డ్రైవరు ఏది కాకా?" అంటాడు, నేను రెండు చేతులతో కళ్లు మూసుకుంటాను.